ఏడాది సరుకా, నెల సరుకా?

తక్కువ డబ్బుతో ఏడాది నెట్టుకురావాలంటే నా ఓటు ఏడాది సరుకుకే. చింతపండు, ఎండుమిర్చి, కందిపప్పు కొత్త పంట మార్కెట్‌కి వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో కొనిపెట్టుకోవాలి. చింతపండు గింజలు తీసి ఉప్పు కలిపి జాడీకెత్తాలి. కందిపప్పుకు ఆముదం పట్టించి బాగా ఎండబెట్టాలి. ఒక ఏడు బద్ధకించాను, సగం పప్పు పురుగుల పాలైంది!

బియ్యం కూడా బస్తాగానే నయం. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్లపై 5 శాతం జీఎస్టీ పడింది; 26 కిలోల బస్తాలు అందుకే పుట్టుకొచ్చాయి.

నూనె, రవ్వ, పిండి మాత్రం నెలనెలా కిరాణా కొట్లోనే. నిల్వ ఉంచితే కంపు కొడతాయి. చేతిలో ఒకేసారి డబ్బు లేనివాళ్లకూ నెల సరుకే దారి. అప్పు చేసి బస్తాలు దింపితే మిగిలింది వడ్డీకే పోతుంది.