ఫోన్‌ని కంప్యూటర్‌లో డ్రైవ్‌లా తెరవడం: నాలుగు నెలలు వాడాక నా రివ్యూ

తిరుపతిలో పెళ్లి వీడియోలు తీసి ఎడిట్ చేస్తుంటాను. పెద్ద కెమెరాలతో పాటు రీల్స్ కోసం రెండు ఫోన్లతో కూడా తీస్తాం, నిజం చెప్పాలంటే తలంబ్రాల దగ్గర నవ్వులన్నీ ఫోన్లలోనే బాగా పడతాయి. కాబట్టి ఫోన్‌లోని ఫైళ్లు కంప్యూటర్‌కి తెచ్చుకోవడం నాకు రోజూ ఉండే పని. నాలుగు నెలలుగా దీనికి ఫోన్‌లో ప్రిమిటివ్ ఎఫ్‌టీపీడీ అనే యాప్, విండోస్‌లో విన్‌ఎఫ్‌ఎస్‌పీ, ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్-విన్ అనే ప్రోగ్రామ్‌లు వాడుతున్నాను. యాప్ ఫోన్‌లోని ఫైళ్లని వైఫై లాంటి నెట్‌వర్క్ మీద అందిస్తుంది, ఆ రెండు ప్రోగ్రామ్‌లూ కలిసి వాటిని కంప్యూటర్‌లో డ్రైవ్‌లా చూపిస్తాయి. మూడూ ఉచితమే, యాడ్‌ల గోల లేదు.

మాఘమాసంలో తిరుచానూరులో ఒక పెళ్లి. మాంగల్యధారణ ఫోన్‌లో ఒకే ఫైల్‌గా పడింది, 6 జీబీ. పెళ్లికొడుకు తమ్ముడు పెన్‌డ్రైవ్ పట్టుకుని షాపుకొచ్చి, "అన్నా, ఆ ఒక్క ముక్క ఇచ్చేయన్నా, సాయంత్రం రైలుంది" అని పక్కనే నిలబడ్డాడు. కేబుల్ పెట్టి కాపీ కొట్టాను. ఆకుపచ్చ గీత సగం దాకా వచ్చి ఆగింది, కాసేపటికి ఫోనే లిస్టులోంచి మాయమైంది. మళ్లీ పెడితే మళ్లీ మొదటి నుంచే. మూడోసారికి వచ్చింది, కానీ ఆ గంటసేపు ఇద్దరికీ టెన్షనే. ఆ రోజే వేరే దారి వెతకాలనుకున్నాను.

పాత ఫోన్లు కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లా ఒక డ్రైవ్ అక్షరంతో కనిపించేవి, గుర్తుందా? అప్పుడు మెమరీ కార్డు మొత్తం కంప్యూటర్ చేతికి వెళ్లిపోయేది, తీసేదాకా ఫోన్‌కి తన ఫోటోలే కనిపించేవి కావు. 2011లో ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఎంటీపీ వచ్చింది, ఇప్పుడు కేబుల్ పెడితే ఫైళ్లు వెళ్లే పద్ధతి ఇదే. యాప్‌లూ ఫోటోలూ ఒకే స్టోరేజ్‌లో ఉంటే దాన్ని మొత్తంగా కంప్యూటర్‌కి అప్పగించడం కుదరదు, అందుకే ఈ మార్పు. ఎంటీపీలో కంప్యూటర్ ఫలానా ఫైల్ కావాలని అడుగుతుంది, ఫోన్ తీసి ఇస్తుంది, అంతవరకే. డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి నా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఆ ఫోన్ కనిపించదు. ఒక వీడియో చూద్దామన్నా ముందు కాపీ చేసుకోవాలి. వేల ఫోటోలున్న కెమెరా ఫోల్డర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

ఇప్పుడు నా ఫోన్ 'పీ' డ్రైవ్‌గా కనిపిస్తుంది. యాప్‌ని ఎఫ్-డ్రాయిడ్ అనే ఉచిత యాప్ స్టోర్ నుంచి వేసుకుని, అన్ని ఫైళ్లకూ అనుమతి ఇచ్చి, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పెట్టి సర్వర్ ఆన్ చేయాలి. కంప్యూటర్‌లో విన్‌ఎఫ్‌ఎస్‌పీ ముందు వేసుకోవాలి, తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్-విన్. ఆపైన 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్'లో అడ్రస్ కొట్టాలి, నాకు గంట వృథా అయింది ఇక్కడే: రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఎస్‌ఎస్‌హెచ్‌ఎఫ్‌ఎస్ అనే మాట, ఇంకో బ్యాక్‌స్లాష్, యూజర్ నేమ్, ఎట్ గుర్తు, ఫోన్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌కి ఉండే నంబర్), ఆ తర్వాత పోర్ట్ నంబర్‌కి ముందు కోలన్ కాదు, ఆశ్చర్యార్థకం పెట్టాలి. అలవాటు కొద్దీ కోలన్ పెడుతూ పోయాను, ఎన్నిసార్లు కొట్టినా కనెక్ట్ కాలేదు.

ఒక్కసారి కలిశాక హాయిగా ఉంటుంది. వీఎల్‌సీలో క్లిప్‌లు కాపీ చేయకుండానే చూస్తాను, ఫైళ్ల పేర్లు అక్కడే మారుస్తాను, కావలసిన పదీ పదిహేనూ మాత్రమే తెచ్చుకుంటాను. వాట్సాప్ ఫోటోల ఫోల్డర్ కూడా కనిపిస్తుంది. 4కే క్లిప్‌ని మాత్రం ఫోన్‌లోంచే నేరుగా టైమ్‌లైన్ మీద పెట్టకండి, ఆగి ఆగి నడుస్తుంది.

వైఫై మీద వేగం సరిపోదు. మా షాపులో పాత 2.4 గిగాహెర్ట్జ్ రౌటర్ మీద 6 జీబీ ఫైల్‌కి ఇరవై నిమిషాలు పట్టింది. అదే కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ మీద కంప్యూటర్‌కి ఇచ్చే సెట్టింగ్) ఆన్ చేసి, అప్పుడు ఫోన్‌కి వచ్చే ఐపీతో కలిపితే ఐదు నిమిషాల్లో అయిపోయింది. టెథరింగ్‌లో మొబైల్ డేటా ఆపేయండి, లేకపోతే విండోస్ అప్‌డేట్ మీ డేటా అంతా తినేస్తుంది. నా ఫోన్‌లో డేటా ఆపినా ఫైళ్లు బాగానే వస్తున్నాయి. ఐపీ మాత్రం మారిపోతుంటుంది, మారినప్పుడల్లా డ్రైవ్ మళ్లీ కలుపుకోవాలి, నాకు నిజంగా విసుగనిపించేది ఇదొక్కటే. స్క్రీన్ ఆఫ్ అయ్యాక కనెక్షన్ తెగిపోతుంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌ని ఆపొద్దని పెట్టాలి. యాప్‌లో ఫైళ్లు పంపే పద్ధతులు ఎఫ్‌టీపీ, ఎస్‌ఎఫ్‌టీపీ రెండూ ఉంటాయి, ఎస్‌ఎఫ్‌టీపీ ఒక్కటే ఉంచండి. మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ కూడా దాపరికం లేకుండా వెళ్తుంది, లాడ్జిల్లో, హోటళ్లలో ఉండే అందరి వైఫై మీద అది ప్రమాదం.

చుట్టాల ఫోన్లకి ఇది పనికిరాదు, పెళ్లికొచ్చినవాళ్ల ఫోన్‌లో యాప్ వేస్తామంటే ఎవరు ఒప్పుకుంటారు? వాటికి ఇప్పటికీ మామూలు కేబులే, కట్ చేయకుండా కాపీ, సైజు సరిచూశాకే ఫోన్ తిరిగి ఇవ్వడం. నెలకోసారి నాలుగు ఫోటోలు తీసుకునేవాళ్లకీ ఇంత ఏర్పాటు అక్కర్లేదు. నాలాగా సొంత ఫోన్‌తో రోజూ పని ఉన్నవాళ్లు మాత్రం ఒక సాయంత్రం కూర్చుని పెట్టుకోండి. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఐపీ బాధ లేకపోతే ఐదూ ఇచ్చేవాణ్ణి.