హన్మకొండ యూరాలజీ క్లినిక్: డాక్టర్‌కు ఐదు స్టార్లు, కౌంటర్‌కు ఒకటి

నాకు 29, ఉండేది కాజీపేట. స్నానం చేస్తుంటే కుడి వృషణానికి శనగగింజంత గట్టిగా ఏదో తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని మూడు నెలలు ఊరుకున్నా. చాలామందికి వృషణ క్యాన్సర్ గడ్డ నొప్పి లేకుండానే మొదలవుతుందని అప్పుడు తెలియదు. మధ్యలో ఊళ్లో ఆర్‌ఎంపీకి చూపిస్తే వరిబీజం (వృషణం చుట్టూ నీరు చేరడం) అన్నాడు, రెండుసార్లు యాంటీబయాటిక్స్ మింగించాడు. ఇంట్లో చెప్పలేను, దోస్తులకు చెప్తే జోకులేస్తారు. ఆఖరికి మా బావే బండెక్కించుకొని ఇక్కడికి తెచ్చాడు.

కౌంటర్‌లో అమ్మాయి ఏం ప్రాబ్లం అంది. మెల్లగా చెప్పా. "బీజంల గడ్డనా?" అని వెనక బెంచీ మీద ముసలమ్మకు కూడా వినపడేట్టు అడిగింది. బావ లేకపోతే అక్కడ్నుంచే వెనక్కి వెళ్లిపోయేవాణ్ణి, నిజం.

లోపల డాక్టర్ గారు మాత్రం వేరే మనిషి. లైట్లు ఆర్పి టార్చి పెట్టి చూశారు. వట్టి నీరే అయితే వెలుతురు అవతలికి వస్తుందట, నాకు రాలేదు. అప్పటికప్పుడే అల్ట్రాసౌండ్, రక్తంలో ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అని ఈ క్యాన్సర్ జాడ పట్టే పరీక్షలు. గడ్డ వృషణం లోపలే ఉందని స్కాన్‌లో తేలింది. సూదితో ముక్క తీసి చూడరా సార్ అని అడిగితే, అట్లా గుచ్చితే క్యాన్సర్ కణాలు బయటికి పాకే ప్రమాదం ఉంది, అందుకే గజ్జల దగ్గర కోసి మొత్తం వృషణాన్నే తీసి ల్యాబ్‌కు పంపుతాం అన్నారు. నా ముఖం చూసి, ఒక్కటి బాగుంటే చాలు, పిల్లలకూ మగతనానికీ సాధారణంగా ఢోకా ఉండదు అని కూడా చెప్పారు. పెళ్లి కాలేదని తెలిసి, ఆపరేషన్‌కు ముందే హైదరాబాద్ వెళ్లి వీర్యం దాచిపెట్టించుకో అన్నారు. ఆ మాట ఇంకో డాక్టర్ అయితే చెప్పేవాడో లేదో! (ఆ ప్రయాణంలో బావ మొహం చూడలేకపోయా.)

నాలుగో రోజు ఆపరేషన్. ఖర్చు ముందే కాగితం మీద రాసిచ్చారు, చివరికీ అంతే అయింది. రిపోర్టులో సెమినోమా (బీజకణాల్లో పుట్టే ఒక రకం క్యాన్సర్) అని వచ్చింది, ఛాతీ, కడుపు సీటీలో ఎక్కడా ఏమీ లేదు. అందుకని కీమో లేకుండా చెకప్‌ల మీదే పెట్టారు. ఒకవేళ కడుపు వెనక లింఫ్ గ్రంథులకు పాకినా బ్లియోమైసిన్, ఎటోపొసైడ్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు కలిపి ఇస్తే చాలామందికి నయమవుతుందట. అప్పుడే యువరాజ్ సింగ్ సంగతి ఎత్తారు. అతనిదీ సెమినోమానే, కాకపోతే రెండు ఊపిరితిత్తుల మధ్య వచ్చింది. అమెరికాలో కీమో చేయించుకొని 2012లోనే మళ్లీ ఇండియాకు ఆడాడు. అది విన్నాకే బావ కుర్చీలో వెనక్కి ఆనుకున్నాడు.

నెలకోసారి వేడినీళ్ల స్నానం చేశాక బొటనవేలికీ వేళ్లకూ మధ్య మెల్లగా దొర్లించి చూసుకోమన్నారు. వెనకాల మెత్తగా తాడులా తగిలేది మామూలే, ఒకటి కొంచెం కిందికి ఉన్నా మామూలే. లోపల గట్టిగా గడ్డ తగిలితే మాత్రం ఆగొద్దు. చిన్నప్పుడు వృషణం కిందికి దిగని వాళ్లకు ముప్పు ఎక్కువట.

మొత్తం మీద నాలుగు స్టార్లు. పార్కింగ్ లేదు, సాయంత్రం ఓపీలో గంటన్నర ఆగాలి, అవి నేను లెక్క చేయను. మొన్న మూడు నెలల చెకప్‌కు వెళ్తే నా ముందున్న ఇంటర్ పిల్లాణ్ణి కూడా అట్లనే గట్టిగా అడిగారు. వాడు ఏమీ లేదని చెప్పి మెట్లు దిగిపోయాడు. నేను వెనకాలే పోయి తీసుకొచ్చా. ఐదో స్టార్ అక్కడే పోయింది.