ఊళ్లో బడి, ప్రత్యేక పాఠశాల: ఏది మేలు?

వైకల్యం ఉన్న బిడ్డకు అయిదేళ్లు నిండగానే ఇంట్లో ఈ చర్చ మొదలవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. దగ్గరలోని బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వాళ్ల ఇష్టమే. ‘మా దగ్గర కుదరదు, ఇంకెక్కడైనా చూసుకోండి’ అనే అధికారం ప్రభుత్వ బడి హెడ్‌మాస్టర్‌కు లేదు.

నడవలేని పిల్లల విషయంలో నాకు సందేహమే లేదు, ఊళ్లో బడే మేలు. ర్యాంపు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, కింది అంతస్తులో తరగతి ఉంటే సరిపోయేదానికి పసిబిడ్డను దూరపు హాస్టల్లో వేయడం అన్యాయం.

చూపు లేని పిల్లలకు బ్రెయిలీ, చేతికర్రతో నడక ప్రత్యేక పాఠశాలలో బాగా వంటబడతాయి. ఆ పునాది పడ్డాక మామూలు బడికి రావచ్చు. అయితే టీచర్ బోర్డు మీద లెక్క వేస్తూ ‘దీన్ని దీంతో గుణిస్తే ఇది’ అంటే ఆ బిడ్డకు అందేదేమీ లేదు. ‘12ను 4తో గుణిస్తే 48’ అంటే పాఠం అందుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

వినికిడి లేని పిల్లల దగ్గరే నేను మామూలు బడివైపు మొగ్గలేను. చిన్నప్పుడే వినికిడి యంత్రం అమరి మాటలు వచ్చినవాళ్లు అక్కడ నెగ్గుకొస్తారు. మిగతావాళ్లకు సైగల భాషే భాష. అది తోటివాళ్లతో కలిసి పెరిగితేనే వస్తుంది. నలభై మందిలో ఒక్కరే బధిర బిడ్డ అయితే ఎవరితో మాట్లాడాలి? టీచర్ బోర్డువైపు తిరిగితే పెదవుల కదలిక కూడా కనిపించదు. ఇంటిమీద బెంగ ఉన్నా, ఇక్కడ బధిరుల పాఠశాలే మేలంటాను.

బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలకు ఊళ్లో బడి, దానికి తోడు మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం మంచి కలయిక. బడి రిజిస్టరులో పేరు మాత్రమే ఉంచి, బిడ్డను పూర్తిగా భవితకే వదిలేస్తే తోటిపిల్లలతో కలిసే అవకాశమే పోతుంది. ఇంటి దగ్గర చదువు మంచం దిగలేని బిడ్డలకే తగినది.

చేర్చే ముందు ప్రత్యేక ఉపాధ్యాయుడు బడికి వారానికి ఎన్నిసార్లు వస్తారో అడగండి. వైకల్యం ఉన్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో 10 మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి అలాంటి ఉపాధ్యాయుడు ఒకరు ఉండాలని, సుప్రీంకోర్టు 2021 తీర్పు తర్వాత 2022లో కేంద్రం చెప్పింది. సరైన జవాబు రాకపోతే మండల విద్యాశాఖాధికారికి అర్జీ రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.