రమ్మీనోస్ టెట్రా: ఆ ఎర్ర ముక్కును ఎంతవరకు నమ్మొచ్చు?

రమ్మీనోస్ టెట్రా అనే ఎర్ర ముక్కు అక్వేరియం చేప గుంపు కట్టి ఎంత అందంగా తిరుగుతుందో, ఎవరి జోలికీ పోదో అందరికీ తెలిసిందే. నియాన్, కార్డినల్ టెట్రాలు పెంచినవాళ్ళకు ఆ సంగతి మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను ఈ చేపను వదలకపోవడానికి కారణం దాని ముక్కు. శ్రీకాకుళంలో కుళాయి నీళ్ళ మీద నడిచే మూడడుగుల ట్యాంకు, అందులో 16 రమ్మీనోస్‌లు. నీళ్ళలో తేడా వచ్చినప్పుడు నీళ్ళు పరీక్షించే టెస్ట్ కిట్ కంటే ముందు ముక్కులు చెప్పేస్తున్నాయి.

చూడటానికీ ఒక పద్ధతుంది. లైటు వేసిన గంట తర్వాత, మేత వేయకముందు, పక్క నుంచి చూడాలి. రాత్రిపూట అన్నీ పాలిపోతాయి కాబట్టి లైటు వేసిన వెంటనే చూసి బెంగపడితే లాభం లేదు. బాగున్న చేపకు ముదురు ఎరుపు మొప్పల మూత దాటి కాస్త వెనక్కి పాకి ఉంటుంది. నీళ్ళు పడకపోతే ఆ ఎరుపు మొదట వెనక వైపు నుంచి తగ్గుతుంది, తర్వాత నారింజ రంగుకి దిగుతుంది, చివరికి పెదవుల దగ్గర లేత గులాబీ మిగులుతుంది. తోక మీది నలుపు తెలుపు చారలు కూడా మసకబారతాయి. ఒక్కటే పాలిపోతే అది ఆ చేప గొడవ. గుంపంతా పాలిపోతే నీళ్ళ గొడవ అనుకుని బకెట్టు తీయొచ్చు.

ఇందులో ఒక మెలిక ఉంది. రమ్మీనోస్ పేరుతో అమ్మే జాతులు మూడు. మార్కెట్లో ఎక్కువగా దొరికేది బ్లెహెరీ, శాస్త్రవేత్తలు దాన్ని వేరే జాతిగా తేల్చింది 1986లో. ఎరుపు మొప్పలు దాటి వెళ్ళేది దీనికే. రోడోస్టోమస్‌కు ఎరుపు తల దగ్గరే ఆగిపోతుంది, అది దాని తీరు. మీ దగ్గరున్నది అదైతే రోజూ "రంగు తగ్గింది" అనుకుని నీళ్ళు మారుస్తూనే ఉంటారు.

ముక్కు విలువ బాగా తెలిసింది ఒక గాలివాన తర్వాత. రాత్రి పోయిన కరెంటు మర్నాడు మధ్యాహ్నం దాకా రాలేదు. బ్యాటరీ ఎయిర్ పంపు నడుస్తూనే ఉంది, చేపలు హుషారుగానే తిరిగాయి. కరెంటు రాగానే కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట మూత బిగించిన డబ్బాలో నీళ్ళు వడకట్టేది) దానంతటదే మొదలైంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కిట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. అయినా గంట తిరక్కుండానే 16 ముక్కులూ లేత గులాబీకి దిగిపోయాయి, గుంపు విడిపోయి సగం చేపలు పైకి చేరాయి.

కానిస్టర్ విప్పితే కుళ్ళిన గుడ్ల కంపు. జరిగేది ఇది: మూత బిగించిన డబ్బాలో నీళ్ళు ఆగిపోతే, లోపలి బ్యాక్టీరియా ఉన్న ఆక్సిజన్‌ను కొద్ది గంటల్లోనే వాడేస్తుంది. అక్కణ్ణించి అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా చావడం మొదలవుతుంది. ఆక్సిజన్ అక్కర్లేని రకం పెరిగి హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేస్తుంది. పంపు తిరగ్గానే ఆ నీళ్ళన్నీ ట్యాంకులోకి వచ్చిపడతాయి. మామూలు కిట్‌లో సల్ఫైడ్‌కు పరీక్ష లేదు, ఆక్సిజన్‌కూ లేదు. అమ్మోనియా మాత్రం మర్నాడు సాయంత్రానికి 0.5కు ఎక్కింది, కిట్‌కు విషయం తెలిసింది అప్పుడు!

చేయాల్సిన పని ఈ వరసలో. కానిస్టర్ ఆపి, లోపలి నీళ్ళు పారబోయాలి. స్పాంజీలు, బ్యాక్టీరియా కాపురముండే సిరామిక్ రింగులు ట్యాంకు నుంచి తీసిన నీళ్ళలోనే జాడించాలి. కుళాయి కింద పెడితే మిగిలిన బ్యాక్టీరియా కూడా క్లోరిన్‌కు పోతుంది. మూడో వంతు నీళ్ళు మార్చి, ఎయిర్ స్టోన్ రాత్రంతా నడపాలి. రెండు రోజులు మేత బంద్. ఈ ట్యాంకులో పీహెచ్ 7 దగ్గర ఉండటం కూడా కలిసొచ్చింది. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసేది ఒక శాతం లోపే, అదే 8 అయితే 7 శాతం దాటుతుంది. ఒక్క చేపా పోలేదు. ఎరుపు మాత్రం అన్నిటికీ ఒకేసారి తిరిగి రాలేదు, ఆఖరి రెండూ వారం దాకా తెల్లమొహాలే వేసుకుని తిరిగాయి.

అప్పట్నుంచి కరెంటు గంట దాటి రాకపోతే చేసేది ఒకటే. కానిస్టర్ ప్లగ్గు పీకేసి, రింగులు వల సంచిలో వేసి ట్యాంకులోనే ఎయిర్ స్టోన్ పక్కన వేలాడదీయడం. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఎయిర్ పంపునైనా దాని మీద పెట్టుకోండి, చిన్న పంపు తినేది నాలుగైదు వాట్లే.

ఇంత పొగిడాక ఇంకో సంగతి చెప్పాలి. ముక్కు ఏదో తేడా ఉందని చెబుతుంది గానీ, ఏ తేడానో చెప్పదు. కొత్తగా ఏంజెల్ చేప వేసినా పాలిపోతుంది. మే నెలలో నీళ్ళు 32 దాటినా పాలిపోతుంది. అడుగున తెల్ల గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు ఎంత బాగున్నా రంగు సగమే ఉంటుంది, నల్ల ఇసుక వేస్తేనే ఈ చేప అసలు రంగు కనబడేది. ఎరుపు నీలం కలిసిన ఎల్ఈడీలు దీనికి రివర్స్: పాలిపోయిన ముక్కును కూడా ఎర్రగా చూపిస్తాయి. మామూలు తెల్ల లైటు కింద చూస్తేనే లెక్క. కాబట్టి కిట్ కొనక్కర్లేదని ఎవరైనా అంటే వినకండి. ముక్కు చూశాక కిట్ తీయాలి, అంతే.

మా కుళాయి నీళ్ళు వచ్చే నాగావళికి వరద వచ్చే రోజుల్లో క్లోరిన్ ఎక్కువ కలుపుతారు. అప్పుడు నీళ్ళు మార్చాక ముక్కు తగ్గితే ముందు అనుమానించాల్సింది క్లోరిన్‌ని. డ్రమ్ములో ఒక రోజు ఎయిర్ స్టోన్ పెట్టి ఉంచితే పోతుంది. అంత ఓపిక లేకపోతే హైపో (సోడియం థయోసల్ఫేట్) గుళికలు 10 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించి పెట్టుకుని, 20 లీటర్ల బకెట్టుకు 3 మిల్లీలీటర్లు కలిపితే లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ దాకా విరుగుతుంది. తెల్ల మచ్చ తెగులుకు గుప్పెడు కల్లుప్పు వేయమని షాపుల్లో చెబుతుంటారు. ఈ చేప పుట్టింది రియో నీగ్రో లాంటి ఉప్పు బొత్తిగా లేని ఏటి నీళ్ళలో. గుప్పెళ్ళ కొద్దీ వేస్తే తెగులు సంగతేమో గానీ, ముక్కు చూసి నీళ్ళు చెప్పే సదుపాయం మాత్రం పోతుంది.

కొనమంటానా అంటే, అది మీ నీళ్ళను బట్టి. నాకు దొరికేవి ఏటి నీళ్ళు, నీళ్ళలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటర్లో 200 లోపే, అందుకే ఈ చేప సరిపోయింది. సముద్రం వైపు బోరు నీళ్ళు 700, 800 చూపిస్తుంటే సగం ఆర్‌ఓ నీళ్ళు కలపాలి, ఆ ఖర్చు నెలనెలా ఉంటుంది. కలపకపోతే చేప బతకొచ్చు గానీ ముక్కు ఎప్పుడూ లేత గులాబీలోనే ఉంటుంది, ఇక దాన్ని చూసి తెలుసుకునేదేముంది? అలాంటి ఇంట్లో జీబ్రా డానియో చేపలు పెట్టుకోవడమే సుఖం.

కొనేవాళ్ళు ఒకే విడతలో 12కు తగ్గకుండా తెచ్చుకోండి, ఆరింటితో గుంపు కట్టవు. సంచిలో అంత దూరం వచ్చిన చేప ముక్కు షాపులో పాలిపోయే ఉంటుంది, దాన్ని చూసి వద్దనుకోవద్దు. పొట్ట లోపలికి లాక్కుపోయిందా, రెక్కలు ముడుచుకుందా అన్నదే చూడండి. ఇంటికి తెచ్చాక వారం దాటినా ఎరుపు రాకపోతే అప్పుడు మీ నీళ్ళను అనుమానించండి.