టాబ్లెట్‌కి లాజిటెక్ కే480 కీబోర్డు: తెలుగులో పేజీలకి పేజీలు కొట్టేవాళ్ల కోసం

టాబ్లెట్ మీద తెలుగులో ఎక్కువగా టైపు చేసే పని ఉన్నవాళ్లు కొత్త టాబ్లెట్ కోసం డబ్బులు పోగేసుకోకండి, ఉన్నదానికే ఒక మంచి కీబోర్డు కొనుక్కోండి, ఇదీ నా మాట. నేను లాజిటెక్ కే480 కొన్నాను, చాలా సంతోషంగా ఉన్నాను, ఐదుకి ఐదు ఇస్తున్నాను. కానీ ఆ ఐదూ పెట్టెలోంచి తీసి కలపగానే వచ్చినవి కావు, సెట్టింగులు సరిచేసుకున్నాక వచ్చినవి. కీబోర్డు కలపడం రెండు నిమిషాల పని, తెలుగు కుదుర్చుకోవడమే అసలు పని, దాని గురించి రివ్యూల్లో ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను కొంచెం ఎక్కువే రాస్తాను.

నాకెందుకు కావాల్సొచ్చిందంటే, మా టెక్కలి చుట్టుపక్కల ఊళ్లల్లో జముకుల కథ, అంటే జముకు అనే వాయిద్యం మోగిస్తూ పాడి చెప్పే జానపద కథ, చెప్పే పెద్దవాళ్లు ఇంకా కొద్దిమంది ఉన్నారు, వాళ్ల దగ్గర కూర్చుని రికార్డు చేసుకొచ్చి, ఆ ఆడియో వింటూ అక్షరం అక్షరం టాబ్లెట్‌లోకి ఎక్కిస్తుంటాను. ఒక కథ మొదలెడితే రాత్రి తెల్లవార్లూ సాగుద్ది, మధ్యలో పాట, మాట, వంతగాళ్ల జవాబులు, జముకు మోత, అన్నీ కలగలిసిపోయి ఉంటాయి. అద్దం మీద వేలితో కొట్టి అదంతా ఎక్కించాలంటే మెడ పట్టేస్తది, సగం స్క్రీను కీబోర్డే తినేస్తది, పైన రెండు లైన్ల కన్నా కనపడదు.

డెస్క్‌టాప్ కొనుక్కోవచ్చు కదా అని మా బావమరిది అడిగాడు. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాళ్లు ఆ మాట అడగరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం అంతా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు, కరెంటు స్తంభాలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి, చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటే లేదు. ఇప్పుడు అంత లేకపోయినా వానాకాలంలో గాలేస్తే చాలు పోద్ది. టాబ్లెట్‌ని పవర్ బ్యాంకుతో నడిపించుకోవచ్చు, ఈ కీబోర్డుకి రెండు చిన్న ట్రిపుల్ ఎ సెల్లులు చాలు, అవి రెండేళ్లు వస్తాయని కంపెనీ వాళ్లు రాశారు. ఇంకేం కావాలి.

కొన్నది శ్రీకాకుళంలోనే, జీటీ రోడ్డులో ఒక కంప్యూటర్ షాపులో. ఆన్‌లైన్‌లో కొంటే వంద రెండొందలు తగ్గుద్దేమో గానీ ఇలాంటిది చేత్తో కొట్టి చూసి కొనాలి అనేది నా అభిప్రాయం. అంతకుముందు ఆన్‌లైన్‌లో తెప్పించిన ఒక సన్నటి మడత కీబోర్డు, పేరు అనవసరం, ఒకసారి నొక్కితే అక్షరం రెండుసార్లు పడేది, ఇంకోసారి అసలు పడేది కాదు, దానికి సెల్లు కూడా లోపలే ఉండి ఛార్జింగు నిలవడం మానేస్తే ఇక అంతే. అందుకే ఈసారి టాబ్లెట్ సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్లి, షాపు కౌంటర్ మీదే కలిపి చూసుకుని, నాలుగు లైన్లు కొట్టి చూసుకుని మరీ కొన్నాను. షాపు కుర్రాడు మంచివాడు, విసుక్కోకుండా అన్నీ చూపించాడు. మూడు వేల లోపే అయ్యింది.

ఇక కలపడం. కీబోర్డు వెనక ఆన్ ఆఫ్ స్విచ్చి ఉంటుంది, అది ఆన్ చేయాలి. ముందువైపు ఎడం పక్క గుండ్రంగా తిప్పే బిళ్ల ఒకటి ఉంటుంది, దాని మీద 1, 2, 3 అని ఉంటాయి, మూడు పరికరాలు కలుపుకోవచ్చన్నమాట, దాన్ని 1 మీద పెట్టాలి. కుడి పక్కన పైన రెండు చిన్న బటన్లు, ఒకటి పీసీ అని, ఒకటి ఐ అని. ఇక్కడే చాలామంది ఆగిపోతారంట. ఆ కుర్రాడు, "మాస్టారూ, ఆండ్రాయిడ్‌కి పీసీ బటనే నొక్కాలండి, ఐ అన్నది యాపిల్ వాటికి" అన్నాడు. ఆండ్రాయిడ్, విండోస్ ఏదైనా పీసీ బటనే, ఐప్యాడ్, ఐఫోన్, మ్యాక్ అయితే ఐ. లైటు గబగబా మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోవాలి. టాబ్లెట్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్లూటూత్ ఆన్ చేసి కొత్త డివైస్ వెతికితే కీబోర్డు పేరు వస్తది, దాన్ని నొక్కితే స్క్రీను మీద అంకెలు కొన్ని చూపిస్తది, ఆ అంకెలు కీబోర్డు మీద కొట్టి ఎంటర్ నొక్కాలి. టాబ్లెట్ మీద కాదు, కీబోర్డు మీద, అంకెలు కొట్టి ఊరుకుంటే కూడా కాదు, ఎంటర్ పడాలి. అంతే, అయిపోయింది. తర్వాత నుంచి స్విచ్చి వేస్తే దానంతట అదే కలుసుకుంటది. బిళ్లని 2 మీద పెట్టి ఇదే పద్ధతిలో ఫోన్ కూడా కలిపాను, బిళ్ల తిప్పితే చాలు ఫోన్‌లో మెసేజీకి జవాబు కొట్టేసి మళ్లీ 1కి తిప్పి కథలోకి వచ్చేస్తాను, ఈ ఒక్క సౌకర్యం కోసమే కొనొచ్చు అనిపిస్తది నాకు.

కలిపిన వెంటనే చేయాల్సిన పనులు చెప్తాను వినండి. సెట్టింగ్స్‌లో భాష, ఇన్‌పుట్ అన్న చోట ఫిజికల్ కీబోర్డు అని ఒకటి కనపడుద్ది, అది కీబోర్డు కలిసి ఉన్నప్పుడే చూడండి. అందులో లేఅవుట్, అంటే ఏ కీ నొక్కితే ఏ అక్షరం పడాలో చెప్పే అమరిక, ఇంగ్లీష్ యూఎస్ ఉండేలా చూసుకోండి. పొరపాటున యూకే ఉందంటే అట్ గుర్తు కోసం నొక్కితే కొటేషన్ గుర్తు పడుద్ది, కొటేషన్ కోసం నొక్కితే అట్ గుర్తు పడుద్ది, మెయిల్ ఐడీ కొట్టినప్పుడు కీబోర్డు పాడైందేమో అనుకుంటారు, పాడవ్వలేదు, లేఅవుట్ తేడా. అక్కడే స్క్రీను మీద కీబోర్డు కూడా చూపించాలా అని ఒక స్విచ్చి ఉంటుంది, అది ఆపేస్తే స్క్రీను మొత్తం మనకి మిగులుద్ది. స్పెల్ చెకర్ కూడా ఆపేయండి, ఎందుకో కింద చెప్తాను.

ఇప్పుడు తెలుగు. నా టాబ్లెట్‌లో ఫిజికల్ కీబోర్డు లేఅవుట్ల లిస్టు మొత్తం కిందదాకా చూశాను, ప్రపంచంలో భాషలు చాలానే ఉన్నాయి గానీ తెలుగు లేదు. స్క్రీను మీద కొట్టే కీబోర్డులో తెలుగు బ్రహ్మాండంగా ఉంది, బయట కీబోర్డు కలిపేసరికి ఇంగ్లీషే పడుతుంది. విండోస్ టాబ్లెట్ ఉన్నవాళ్లకి ఈ బాధ లేదు, అందులో తెలుగు ఇన్‌స్క్రిప్టు, అంటే ఒక్కో కీకి నేరుగా తెలుగు అక్షరమే పడే లేఅవుట్, ఎప్పట్నుంచో ఉంది, 2019 అప్‌డేట్ నుంచి ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే తెలుగు ఫొనెటిక్ కూడా ఇచ్చారు, విండోస్ కీ పట్టుకుని స్పేస్ కొడితే భాష మారిపోద్ది. ఆండ్రాయిడ్‌లో నాలాగ ఇరుక్కున్నవాళ్లకి లేఖిని ఉంది.

లేఖిని తెలియని వాళ్లకి చెప్తున్నా, అది ఒక వెబ్ పేజీ, పై పెట్టెలో ఇంగ్లీష్ అక్షరాలతో తెలుగు కొడితే కింద పెట్టెలో తెలుగు వస్తది. 2006 నుంచి ఉంది, నెట్‌లో తెలుగు రాయడం మొదలెట్టిన చాలామంది దాని మీదే చేయి తిప్పుకున్నారు. అక్షరాలు మార్చే పని పేజీలోనే జరుగుద్ది కాబట్టి ఒకసారి తెరుచుకున్నాక మధ్యలో నెట్ పోయినా టైపింగ్ ఆగదు, మా ఊళ్లో సిగ్నల్‌కి ఇది పెద్ద వరం. కీబోర్డు ఇంగ్లీషే అని టాబ్లెట్ అనుకుంటే అనుకోనివ్వండి, మనకి కావాల్సింది ఇంగ్లీష్ అక్షరాలే కదా. చిన్న ఎల్ కొడితే ల, షిఫ్టు పట్టుకుని కొడితే ళ, అలాగే ఎన్‌కి న, ణ, టికి త, ట, డికి ద, డ. అచ్చుల్లో షిఫ్టు పట్టుకుంటే దీర్ఘం. అద్దం మీద కొట్టినప్పుడు ప్రతి దీర్ఘానికీ షిఫ్టు బాణం నొక్కి మళ్లీ అక్షరం నొక్కాలి, నరకం, కీబోర్డు మీద అయితే చిటికెన వేలు షిఫ్టు మీద ఉండిపోద్ది, చేయి తనంతట తాను పోతుంది.

ఇందాక స్పెల్ చెకర్ ఆపేయమన్నది ఇందుకే. మనం ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టే తెలుగు దానికి అర్థం కాక ప్రతి మాట కిందా ఎర్రగీత గీస్తది. అలాగే వాక్యంలో మొదటి అక్షరం దానంతట అదే పెద్దదయ్యే ఆప్షన్ ఉంటే అదీ ఆపేయండి, లేకపోతే "నేను" అని కొడితే "ణేను" అని పడుద్ది, పేజీ అంతా అయ్యాక దిద్దుకుంటూ కూర్చోవాలి. ఇంకో జాగ్రత్త, బ్రౌజర్‌ని చాలాసేపు వెనక్కి నెట్టేసి వేరే యాప్‌లు తెరిస్తే పేజీ మళ్లీ లోడై కొట్టిందంతా పోవచ్చు, అందుకని ఒక పేరా అవ్వగానే కింద పెట్టెలో క్లిక్ చేసి కంట్రోల్ ఎ, కంట్రోల్ సి, ఆల్ట్ ట్యాబ్‌తో గూగుల్ డాక్స్‌లోకి వెళ్లి కంట్రోల్ వి. కంప్యూటర్‌లో చేసినట్టే ఇవన్నీ పనిచేస్తాయి. స్క్రీను రెండు ముక్కలు చేసి ఎడం పక్క లేఖిని, కుడి పక్క గూగుల్ డాక్స్ పెట్టుకుంటే ఇంకా హాయి.

మా పనిలో ఉన్నవాళ్లకి ఒక పెద్ద లాభం చెప్పాలి. స్క్రీను కీబోర్డు మన మాటని ఊహించి దిద్దేస్తూ ఉంటది. కథ చెప్పే తాత "నాను ఎల్తన్నాను" అంటే నేను అదే కొట్టాలి, అది దాన్ని "నేను వెళ్తున్నాను" వైపు లాగుద్ది, చూసుకోకుండా స్పేస్ కొట్టానంటే తాత మాట పోయి పేపరు మాట వచ్చి కూర్చుంటది. "ఒచ్చినాడు", "ఏటి", "గుంటడు", ఇవన్నీ దానికి తప్పులే. లేఖినిలో నేను ఏది కొడితే అదే పడుద్ది, దిద్దదు, సలహా ఇవ్వదు. మా శ్రీకాకుళం మాట ఎలా ఉన్నది అలాగే పేజీ మీదకి రావాలి అని పట్టుదల ఉన్నవాడికి ఇంతకు మించి ఏం కావాలో నాకు తెలీదు, ఆ ముసలాళ్లు పోయాక ఆ మాట వినాలంటే ఈ పేజీలే కదా మిగిలేది.

ఇంకోటి, పై వరసలో పాట ఆపే, నడిపే బటన్ ఉంది, సౌండ్ పెంచే తగ్గించే బటన్లూ ఉన్నాయి. ఆడియో వెనకాల నడుస్తుంటే ఒక ముక్క విని, ఆ బటన్ నొక్కి ఆపి, కొట్టేసి, మళ్లీ నొక్కి నడిపిస్తాను, చేయి కీబోర్డు మీద నుంచి లేవదు. ఇది లేకముందు ప్రతిసారీ టైపింగ్ వదిలి ప్లేయర్‌లోకి వెళ్లి ఆపి వచ్చేవాణ్ని.

టాబ్లెట్ నిలబెట్టే సంగతి. కీబోర్డు పైభాగంలో పొడవుగా గాడి ఉంది, అందులో టాబ్లెట్ గుచ్చి నిలబెట్టొచ్చు, స్టాండ్ వేరే కొనక్కర్లేదు. 10.5 మిల్లీమీటర్ల మందం, 258 మిల్లీమీటర్ల వెడల్పు దాకా పడుద్దని లెక్క, అంటే పది, పదకొండు అంగుళాల టాబ్లెట్లు చాలా మటుకు అడ్డంగా పడతాయి, దళసరి కవర్ ఉంటే తీసేయాలి. పన్నెండు అంగుళాలు దాటిన పెద్ద టాబ్లెట్ ఉన్నవాళ్లు ముందు స్కేలు పెట్టి కొలుచుకుని వెళ్లండి. బరువు 820 గ్రాములు, చేతిలో పట్టుకుంటే బరువుగానే ఉంటది, కానీ ఆ బరువు ఉండబట్టే టాబ్లెట్ వెనక్కి ఒరిగిపోకుండా నిలబడుతుంది, ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని కొట్టినా కదలదు. రోజూ సంచిలో తిప్పేవాళ్లు ఇదే కంపెనీలో కే380 చూడండి, సగం బరువే ఉంటది, అదీ మూడింటికి కలుస్తది, గాడి మాత్రం ఉండదు. రెండింటిలోనూ కీల కింద లైటు లేదు, చీకట్లో కీలు చూసుకుంటూ కొట్టేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి.

మూడు వేలు పెట్టలేం అనేవాళ్లకి ఇంకో దారి. ఇంట్లో పాత కంప్యూటర్‌ది వైరు కీబోర్డు ఏదైనా ఉంటే ఓటీజీ పిన్ను, అంటే టాబ్లెట్ ఛార్జింగ్ కన్నానికి యూఎస్‌బీ వైరు తగిలించే చిన్న ముక్క, ఒకటి కొనండి, టాబ్లెట్‌కి టైప్ సి ఉంటే టైప్ సి ఓటీజీ అడగండి, వంద రూపాయల చిల్లర అవుద్ది. గుచ్చగానే పనిచేస్తది, పెయిరింగూ లేదు, సెల్లులూ లేవు. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 3.1 నుంచే యూఎస్‌బీ కీబోర్డు పట్టుకునే ఏర్పాటు ఉంది. పైన చెప్పిన సెట్టింగులు, లేఖిని అన్నీ దీనికీ అచ్చం అంతే. కాకపోతే ఛార్జింగ్ పెట్టుకునే కన్నం దానికే పోద్ది, కీబోర్డుకి కరెంటు కూడా టాబ్లెటే ఇవ్వాలి, అందుకే ఎక్కువసేపు కూర్చునే పనికి నాకు నచ్చలేదు, పిల్లల ప్రాజెక్టు వర్కులకి భేషుగ్గా సరిపోద్ది. కొనేముందు షాపులోనే గుచ్చి చూడండి, కొన్ని టాబ్లెట్లలో సెట్టింగ్స్‌లో ఓటీజీ అని వేరే ఆన్ చేయాల్సి ఉంటది.

సంచిలో పెట్టేటప్పుడు వెనక స్విచ్చి ఆఫ్ చేయడం మర్చిపోకండి, లేకపోతే బస్సు కుదుపులకి కీలు నొక్కుకుని టాబ్లెట్ మేలుకుంటూనే ఉంటది, తెరిచిన పేజీలో ఏవేవో అక్షరాలు కూడా పడొచ్చు. సెల్లులు మార్చాల్సి వస్తే ట్రిపుల్ ఎ అని అడగండి, గోడ గడియారంలో వేసే పెద్దవి దీనికి పట్టవు.