కేకుల కోసం కొన్న 100 లీటర్ల డీప్ ఫ్రీజర్: 11 నెలలు వాడాక నా మాట

గుంటూరులో ఇంట్లోనే ఆర్డర్ల మీద కేకులు చేస్తాను. పోయిన నవంబర్‌లో 100 లీటర్ల డీప్ ఫ్రీజర్ కొన్నాను, మూత పైకి తెరిచే రకం, 14 వేలు పడింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఈ రకం ఫ్రీజర్ కేకులకు పనికొస్తుందా లేదా అన్నదే చెప్తాను.

మన దగ్గర డిసెంబర్ 31 సంగతి తెలిసిందే కదా, ఆ రాత్రి ఏ ఇంట్లో చూసినా కేకు కోయాల్సిందే. అంతకుముందు ఏడాది ఆ ఒక్క రోజుకి 22 ఆర్డర్లు ఒప్పుకుని, ముందు రోజు రాత్రంతా ఓవెన్ దగ్గరే ఉండిపోయాను, తెల్లారేసరికి చేతులు వణికి క్రీమ్ కూడా నున్నగా పూయలేకపోయాను. పోయిన డిసెంబర్‌లో మాత్రం 20వ తేదీ నుంచే రోజుకి రెండు మూడు స్పాంజ్‌లు, అంటే క్రీమ్ పూయని ఉత్త కేకులు, చేసి ఇందులో దాచేశాను, 31న క్రీమ్ పని ఒక్కటే మిగిలింది. టెన్షన్ సగానికి సగం తగ్గింది.

మరి ఫ్రిజ్ పై అర, అదే ఐస్ పెట్టే ఫ్రీజర్, చాలదా అని అడుగుతారు. ముందు నేనూ అక్కడే పెట్టేదాన్ని. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ మంచు పేరుకోకుండా మధ్యమధ్యలో దానంతటదే కాస్త వేడెక్కుతుంది, పైగా ఇంట్లో వాళ్లు ఐస్ కోసం తలుపు తీస్తూనే ఉంటారు, అందుకే పది రోజులు దాటితే స్పాంజ్ అంచులు ఎండిపోయేవి. అదే అరలో మా అత్తయ్య రొయ్యలు పెడతారు. ఒకసారి వెనిలా స్పాంజ్‌కి ఆ వాసన పట్టేసి మొత్తం పారేయాల్సి వచ్చింది.

డీప్ ఫ్రీజర్‌లో ఆ బాధ లేదు. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి మూత తీసినా కిందే నిలుస్తుంది. లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే మైనస్ 18 దగ్గరే ఉంటోంది. ఏప్రిల్‌లో ఒక రాత్రి ఐదు గంటలు కరెంటు పోయింది, మూత ముట్టుకోలేదు, పొద్దున చూస్తే స్పాంజ్‌లు రాయిలాగే ఉన్నాయి.

లోపాలూ ఉన్నాయి. చలి ఎంతుందో చూపించదు, 1 నుంచి 7 వరకు తిప్పే నాబ్ ఒక్కటే, థర్మామీటర్ మనమే కొనుక్కోవాలి. రెండు నెలలకోసారి గోడల మంచు కరిగించి తుడవాలి. నాకు వచ్చినదానికి మూత రబ్బరు ఒక మూల సరిగ్గా అతుక్కోలేదు, మూడుసార్లు ఫోన్ చేస్తే తొమ్మిదో రోజుకి వచ్చి మార్చారు. కొన్న రోజే మూత అంచులో కాగితం పెట్టి మూసి లాగి చూడండి, జారిపోతే రబ్బరు తేడాగా ఉన్నట్టే.

అయితే చుట్టడం సరిగ్గా రాకపోతే ఎంత మంచి ఫ్రీజరైనా దండగ. స్పాంజ్ పూర్తిగా చల్లారాలి, రెండు చుట్లు క్లింగ్ ఫిల్మ్ (అతుక్కునే పల్చటి ప్లాస్టిక్ కాగితం), పైన ఒక చుట్టు ఫాయిల్, మార్కర్‌తో తేదీ. బయటికి తీశాక కవర్ అస్సలు విప్పొద్దు. మొదటిసారి నేను తొందరపడి విప్పేశాను, పది నిమిషాల్లో పైనంతా సన్నటి నీటి చుక్కలు, వేలు ఆనించగానే ఆ గోధుమరంగు పొర తడి కాగితంలా ఊడి వచ్చింది. ఇప్పుడు కవర్‌తోనే రెండు గంటలు బల్ల మీద వదిలేస్తాను, పట్టే చెమటంతా ఫాయిల్‌కే పడుతుంది. ఇంకా కాస్త గట్టిగా ఉండగానే కత్తి పెడితే పొడి రాలకుండా మూడు పొరలు చక్కగా వస్తాయి. క్రీమ్ పూసిన కేకైతే ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి.

చాలామంది చేసే పొరపాటు ఇంకోటి, స్పాంజ్ తాజాగా ఉంటుందని ఫ్రిజ్ కింది అరల్లో పెట్టడం. ఆ చలికి స్పాంజ్‌లోని స్టార్చ్ (పిండి పదార్థం) బయటకంటే తొందరగా గట్టిపడుతుంది, డీప్ ఫ్రీజర్‌లో అయితే అది దాదాపు ఆగిపోతుంది. బటర్‌క్రీమ్ బాగా నిలుస్తుంది, కస్టర్డ్, తాజా పండ్ల ముక్కలు మాత్రం పెట్టకండి, కరిగాక నీళ్లు కారిపోతాయి.

ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి ఒక కేకు చేసేవాళ్లకు ఇది అక్కర్లేదు, గట్టిగా చుట్టి ఫ్రిజ్ పై అరలో వారం ఉంచుకోవచ్చు. నెలకి పది ఆర్డర్లు దాటినవాళ్లు మాత్రం ధైర్యంగా కొనుక్కోండి. ఈ డిసెంబర్ 31కి నేను 30 ఆర్డర్లు ఒప్పుకుంటున్నాను, స్పాంజ్‌లు 15వ తేదీ నుంచే మొదలు.