కొండబాట సైకిలుకు తారురోడ్డు సాధన: మయోర్కా, తెనెరీఫె, జిరోనా

మౌంటెన్ బైక్ పోటీలకు సిద్ధమయ్యేవారు ఏడాది తొలి నెలల్లో కొండబాటలను వదిలి తారురోడ్డు పట్టడానికి బలమైన కారణమే ఉంది. రాళ్ళ దారిలో ప్రతి చిన్న ఎక్కుడుకూ బలమంతా ఒక్కసారిగా వాడవలసి వస్తుంది, దిగుడు రాగానే తొక్కడమే ఆగిపోతుంది. ఓర్పుకు పునాది వేసే ఈ తొలి దశలో కావలసింది గుండె వేగాన్ని గరిష్ఠంలో 65 నుంచి 75 శాతం మధ్య మూడు నాలుగు గంటలు నిలకడగా ఉంచడం, అక్కడ అది దాదాపు అసాధ్యం. అందుచేత ఈ సాధనకు ఊరు ఎంచుకునేటప్పుడు పేరుమోసిన కనుమ ఉందా అని కాక, ఆగకుండా తొక్కగలిగే దారి ఎంత ఉందన్నదే చూడాలని నా అభిప్రాయం.

ఆ లెక్కన స్పెయిన్‌లోని మయోర్కా ద్వీపానిదే మొదటి స్థానం. సైకిలువాళ్ళందరూ చెప్పుకునేది వాయవ్యాన ఉన్న త్రముంతానా పర్వతశ్రేణి గురించే అయినా, నాకు ఎక్కువగా ఉపయోగపడినవి సినెవు, పెత్రా ఊళ్ళ మధ్య రాతిగోడల వెంట సాగే ఇరుకైన మైదానపు దారులు. వాహనాలు తక్కువ, ఎత్తుపల్లాలు స్వల్పం, గాలి ఎదురైతే అదే కొండకు సమానమైన కష్టం. పక్కనున్నవారితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగంలోనే మధ్యాహ్నం దాకా తొక్కవచ్చు.

త్రముంతానాలోని సా కలోబ్రా రోడ్డును మాత్రం వదలలేము. ఇంజనీరు ఆంతోనియో పరియేతి రూపొందించిన ఈ రోడ్డు తన కిందుగా తానే చుట్టుకొని సముద్రం వరకు దిగుతుంది. తిరిగి రావడానికి వేరే రోడ్డు లేదు కనుక, సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లు, సగటున 7 శాతం వాలుతో ఎక్కక తప్పదు. పర్యాటకుల బస్సులు మొదలయ్యేలోగా తెల్లవారుజామునే చేరుకోవడం మంచిది. ఇరుకు మలుపులో బస్సు ఎదురైతే నిలకడ అన్న మాటకే అర్థం ఉండదు. ఇక్కడ తీవ్రత పెరగకుండా ఉండాలంటే వెనుక 34 పళ్ళ గేరు చక్రం (తేలికగా తిరిగే గేరు) ఉన్న అద్దె సైకిలే అడగాలి.

సొంత మౌంటెన్ బైక్‌కు నున్నటి టైర్లు వేసి తీసుకువెళ్ళవచ్చు గాని, గేరు చక్రాలకు ముందు 32, వెనుక 10 పళ్ళున్న 29 అంగుళాల బండి నిమిషానికి 90 పెడల్ తిప్పుల వద్ద గంటకు 40 కిలోమీటర్ల లోపే ఉండిపోతుంది, జట్టుతో దిగేటప్పుడు అది చాలదు. రోడ్డు సైకిలును అద్దెకు తీసుకొని, పెడల్స్, సీటు మాత్రం మనవే పట్టుకెళ్ళడం ఉత్తమం. మోకాళ్ళకు అలవాటైన అమరిక మారదు, కొండబాట బూట్లే సరిపోతాయి. స్పెయిన్‌లో ఊరి బయట హెల్మెట్ తప్పనిసరి. సైకిలును దాటే కారు మీటరున్నర దూరం పాటించాలన్న నియమం కూడా ఉంది, మేము చూసినంతలో డ్రైవర్లు దాన్ని గౌరవించారు.

బసల్లో తేడా పెద్దది. మయోర్కాలో అల్కూదియా దగ్గర సముద్రతీరాన ఉన్న ఒక హోటల్ వెబ్‌సైటులో సైకిళ్ళ గది ఉందని ఉంది, తీరా చూస్తే అది తాళం లేని సామాన్ల గది. అక్కడి నుంచి మారిన రెండో బసలో తాళమున్న గది, మరమ్మతు స్టాండు, కడగడానికి గొట్టం, ఉదయం ఏడింటికే అల్పాహారం, బట్టలు ఉతికే యంత్రం ఉన్నాయి. ఈత కొలను లేకపోయినా నష్టం లేదు, రోజూ చెమటబట్టలు ఉతుక్కునే వీలు లేని చోట వారం గడవదు.

స్పెయిన్‌కే చెందిన కానరీ దీవుల్లోని తెనెరీఫెలో తెయిదే అగ్నిపర్వతం చుట్టూ రోడ్డు 2,000 మీటర్లకు పైగా ఎక్కుతుంది, వృత్తి జట్లు అక్కడి ఎత్తు కోసమే వస్తాయి. తొలి సాధనకు మాత్రం ఆ దీవి నాకు నచ్చలేదు: పైన బస చేస్తే ప్రతిరోజూ అలసిన కాళ్ళతో గంటల తరబడి ఎక్కి గూటికి చేరాలి. ఈశాన్య స్పెయిన్‌లోని జిరోనా ఊరి సంగతి వేరు. రొకకోర్బా వంటి ఎక్కుడుతో పాటు ఊరి అంచునే మట్టిదారులు కూడా ఉన్నందువల్ల, రోడ్డు మీద పునాది పడ్డాక వారంలో రెండు రోజులు మళ్ళీ కొండబాట పట్టే దశకు ఆ ఊరే తగినది.